బెల్లం ముక్కకు లొంగని మత్తు

ముందుగా నాకు పోయినవి చెబుతాను. ఒంటి బరువు ఏడు కిలోలు. నిద్ర, పదకొండు నెలలు. అన్నం ఉడికే వాసన, సగానికి పైగా. పదిహేడో ఎక్కం, మొత్తం.

ఎక్కం పోయిన రోజు గుర్తుంది. శివ్వంపేట దగ్గర, రంగుల్లో కలిపే థిన్నర్‌ను డబ్బాల్లో నింపే చిన్న కంపెనీలో తూకం, లెక్క నా పని. ఏడో తరగతితో బడి ఆగినా లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. కాగితం అవసరం పడేది కాదు. ఆ సాయంత్రం వరసకు పదిహేడు డబ్బాలు, ఆరు వరసలు. మొత్తం ఎన్నో తోచలేదు. దారిలో కుల్చారం ఊరి వరి మళ్లలోంచి కొంగలు లేచినట్టు అంకెలు మెల్లగా లేచి ఎటో పోయాయి. భయం వేయలేదు. హాయిగా ఉంది.

డ్రమ్ముల్లోంచి డబ్బాలు నింపే ఖాజా భాయ్ నవ్వాడు. "ఏం లెక్కల సారూ, నిలబడే కలగంటున్నరా? జర బెల్లం నోట్లె ఏసుకోండ్రి, మత్తు దిగుతది."

బెల్లం కంపెనీయే ఇచ్చేది. లోపలికి పోయిన వాసనంతా అది కడిగేస్తుందని ఆ గదిలో పనిచేసే ఎనిమిది మందిమీ నమ్మాం. మూతల్లేని డ్రమ్ముల మధ్య కూర్చుని చప్పరించేవాళ్లం.

తర్వాత తలనొప్పి, వేళ్లలో తిమ్మిరి. ఇంటికి బస్సు ఎక్కితే మెదక్ ఎప్పుడొచ్చిందో తెలిసేది కాదు. ఒకరోజు నా భార్య సుజాత నేను పాల లెక్క రాసే చీటీ నా ముందు పెట్టింది. "రెండు నెలల సంది అన్నీ తప్పులే. గిది మీరు రాసినట్టే లేదు. దవాఖానకు పోదాం, నడువుండ్రి."

మొదటి డాక్టరు "టెన్షన్" అని బీ కాంప్లెక్స్ రాశాడు. సీటీ స్కాన్ నార్మల్. లెక్క ఇక రాదనుకున్నాను. అది తప్ప నాకు వేరే విద్య లేదు.

అంతలో తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి, నేను పనికి పోవడమూ ఆగింది. ఇంట్లో పడుకుంటే నినాదాలు నీళ్ల అవతల నుంచి వచ్చినట్టు వినిపించేవి. పది రోజులకు తిమ్మిరి తగ్గింది. ఒక ఉదయం ముఖం కడుగుతుంటే ఆరు పదిహేడులు నూట రెండని దానంతటదే నోటికొచ్చింది. పనిలో చేరిన నాలుగో రోజుకు మళ్లీ పోయింది.

రెండో డాక్టరు చిన్న వయసు అమ్మాయి. "మీకు ఎప్పుడు మంచిగుంటది?" అని అడిగింది.

"సమ్మెల మంచిగుండె, మేడం."

ఆమె పెన్ను పక్కన పెట్టి నా పని గురించి అడగడం మొదలుపెట్టింది. నరాలకు నర్వ్ కండక్షన్, కాలేయానికి ఎల్ఎఫ్‌టీ పరీక్షలు చేయించింది. "సాల్వెంట్ ఎక్స్‌పోజర్. అంటే థిన్నర్ ఆవిరి పీల్చుడు. బెల్లం కడుపులకు పోతది. ఆవిరి ఊపిరితిత్తులకు పోయి, అక్కడికెళ్లి మెదడుకు పోతది. రెండూ కలిసేదేడ? మాస్కు ఆఖరు సంగతి. ముందు మూతలు పెట్టించుండ్రి."

రెండు నెలల సెలవు తర్వాత ఒక డ్రమ్ము తెరిచి, ఒకటి మూసి, పొద్దున, సాయంత్రం తూచాను. తెరిచినది మూడు కిలోలు తగ్గింది. మూసినదాని ముల్లు కదల్లేదు. ఇన్నేళ్లూ నా చేత్తో 'తరుగు' అని రాసినదంతా మేము పీల్చిందే. చీటీ చూసి మేనేజరు "రోజుకు మూడు కిలోలా!" అన్నాడు. మా తలల సంగతి అడగలేదు. అయినా మూతలు వచ్చాయి, మూత తీయకుండా పట్టుకోవడానికి డ్రమ్ములకు కింద నల్లాలు వచ్చాయి, బరువైన ఆవిరిని లాగడానికి నేల దగ్గర ఫ్యాను వచ్చింది.

ఇప్పుడు మెదక్‌లోనే విత్తనాల దుకాణంలో లెక్కలు రాస్తున్నాను. తిమ్మిరి కొంచెం మిగిలింది. చదివేవారికి ఒకటే మాట: ఒంట్లో బాగున్న రోజులు, పనికి పోయిన రోజులు క్యాలెండరు మీద వేరువేరుగా గుర్తుపెట్టి డాక్టరుకు చూపించండి.

ఎనిమిది మందిలో పరీక్ష చేయించుకున్నది ముగ్గురం. మొన్న బస్టాండులో ఖాజా భాయ్‌ని పరీక్ష చేయించుకొమ్మని మళ్లీ అడిగాను.

"నాకేమైంది, మస్తుగున్న" అని నవ్వి, నా ముఖంలోకి చూస్తూ ఆగిపోయాడు. "జర ఆగుండ్రి... మీ పేరు..."

ఇంకా ఐదుగురు.