మూడు నిమిషాల్లోకి వచ్చిన అమ్మ పాట

మొన్న కంటి డాక్టరు దగ్గర నుంచి వస్తూ తార్నాక మెట్రో మెట్లు దిగి ఆటో కోసం నిలబడ్డాను. పక్కనున్న టీ కొట్టు దగ్గర కోచింగ్ పిల్లలు కొందరు ఫోన్లో ఏదో పాట పెట్టుకుని తలలూపుతున్నారు. డప్పుల మోత, దాని మీద ఇంకేదో యంత్రం మోత, ఆ రెండింటి నడుమ నుంచి ఒక ఆడగొంతు "మడి నిండ నీరాయె మరదలా" అనేసరికి నా చెవులు వేడెక్కిపోయాయి. ఎనభైకి దగ్గరపడిన ముసలిదాన్ని, నన్నెవరూ చూడటం లేదు, చూసినా ఆ పాటకూ నాకూ ఏమిటి సంబంధమో ఎవరికీ తెలిసే అవకాశం లేదు, అయినా తల వంచుకుని, ఆటో సంగతి మరిచి నాలుగడుగులు పక్కకు జరిగాను. నా ఈడు వాళ్లలో చాలామంది ఈ పాటను పెళ్లిపందిళ్లలో విన్నవాళ్లే, ఇష్టపడినవాళ్లే. మీ ఇష్టాన్ని పాడుచేయాలని కాదు గానీ, అది మా అమ్మ పాట. అది అలా ఎందుకయిందో ఒకసారి చెప్పుకోవాలని ఉంది.

అరవైల చివర్లో నేను యూనివర్సిటీలో ఎమ్మే చదువుతూ ఆడపిల్లల హాస్టల్లో ఉండేదాన్ని. మాది నల్లగొండ వైపు చిన్న ఊరు, సేద్యం తప్ప వేరే ఆధారం లేని ఇల్లు, మా వాళ్లలో అంత చదువుకు వచ్చిన మొదటి ఆడపిల్లను నేనే. నా గదిలో ఉండే స్నేహితురాలు గుంటూరు వైపు క్రైస్తవుల పిల్ల, తండ్రి బడిపంతులు. వాళ్ల పిన్ని కాపురం తార్నాకలో. ఇప్పుడు తార్నాక అంటే ఊరి మధ్య అయిపోయింది కానీ అప్పుడు బండరాళ్లు, సీతాఫలం పొదలు, అక్కడో ఇల్లు ఇక్కడో ఇల్లు, చీకటి పడితే నక్కల కూతలు. ఆదివారం వాళ్లు చర్చి నుంచి వచ్చే వేళకు నేను క్యాంపస్ లోపలి దారిన నడిచి అక్కడికి చేరేదాన్ని. హాస్టల్ సాంబారు తిని చచ్చిన నాలుకకు ఆ పిన్నిగారి గోంగూరే ప్రాణం పోసేదని ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు.

ఆ ఇంట్లోనే నా స్నేహితురాలి మేనమామను చూశాను. మద్రాసులో ఒక రికార్డుల కంపెనీలో పాటలు తయారు చేయిస్తారని, ప్రొడ్యూసర్ అంటారని చెప్పారు. తెల్లటి పంచె, చేతికి వాచీ, మాట్లాడుతున్నంతసేపూ వేళ్లతో బల్ల మీద తాళం వేసే అలవాటు. ఆయన పాడరు, వాయించరు, పాట రాయరు, వరస కట్టరు. మరి ఏం చేస్తారని నేను అమాయకంగా అడిగితే ఆయనకు కోపం రాలేదు, నవ్వారు. "పాటలో ఏది ఉండాలో, ఏది పోవాలో చెబుతానమ్మాయ్" అన్నారు. ఎంత తేలిక పనో అనుకున్నాను అప్పుడు.

భోజనాలయ్యాక నా స్నేహితురాలు ఊరుకోక, హాస్టల్లో బట్టలుతుకుతూ నేను పాడే వరినాట్ల పాట మామయ్యకు వినిపించమని పట్టుబట్టింది. రెండు చరణాలు పాడాను. ఆయన వేళ్లు ఆగిపోయాయి. ఇది ఎవరు పాడతారు, మీ అమ్మా, ఆమె వస్తుందా అని వరసగా అడిగారు. అసలు మనిషి గొంతు వినాలి, టేపు మీద పట్టుకోవాలి, అప్పుడు మద్రాసు తీసుకెళ్తానన్నారు. నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. ఆ సాయంత్రమే హాస్టల్ వసారాలో కనిపించిన ప్రతి పిల్లకూ మా అమ్మ రికార్డు ఇస్తోందని చెప్పేశాను. అమ్మ తప్ప అందరికీ తెలిసిపోయింది.

అమ్మ, చిన్నమ్మ బస్సు దిగి వచ్చారు, బియ్యం మూటతో, వంకాయలతో, ఎవరి ఇంటికైనా ఖాళీ చేతులతో పోవడం వాళ్లకు తెలియదు కనక. పిన్నిగారి ముందుగదిలో ఎర్ర గచ్చు అద్దంలా మెరుస్తోంది. టేపు మిషన్ను బల్ల మీద పెట్టి, అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, పాడమన్నారు. అమ్మకు పాట రాలేదు. భయం కాదు, కూర్చుని ఆ పాట ఎన్నడూ పాడలేదు ఆవిడ. చివరికి లేచి, కొంగు నడుముకు చుట్టి, వంగి, చేతిలో నారు కట్ట ఉన్నట్టే వేళ్లు ఆడిస్తూ ఎత్తుకుంది.

"మడి నిండ నీళ్లాయె మరదలా, మనెనుక మొగులాయె మరదలా."

చిన్నమ్మ అందుకుంది. మరదలా అన్న తర్వాత ఒక ఆగు ఉంటుంది ఆ పాటలో. నాటు వేసేవాళ్లు ముందుకు కాదు, వెనక్కి జరుగుతారు, ఆ ఆగులోనే బురదలోంచి కాలు తీసి వెనక వేస్తారు. అలా ఇద్దరూ ఆ ఎర్ర గచ్చు మీద వెనక్కి వెనక్కి అడుగులేస్తూ పాడారు. మొగులు, అంటే మబ్బు, కమ్మింది, దొర గొడుగేసుకుని గట్టు మీద నిలుచున్నాడు, కొత్త కోడలికి నడుము పట్టేసింది, ఇలా ఎవరు కనబడితే వాళ్లు అందులోకి వచ్చేస్తారు, పాటకు కట్టుబాటు ఏమీ లేదు. పిన్నిగారి నున్నటి గచ్చు వచ్చింది, సారు తిప్పే చక్రాల మిషనూ వచ్చింది. వెనక గోడ తగిలాక ఆగిపోయారు. హాస్టల్ నుంచి నాతో వచ్చిన పిల్లలు నోళ్లకు పైట అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. నాకు సిగ్గుతో ప్రాణం పోయినట్టయింది, ఎమ్మే చదివే కూతురు ఉన్న మనిషి పరాయి ఇంట్లో ఇలా వంగి వెనక్కి నడవడమేమిటని.

ఆయన మాత్రం నవ్వలేదు, కళ్లు తుడుచుకున్నారు. పాట అయిపోయిందా అని అడిగితే అమ్మ గోడను తడిమి చూసుకుంది.

"గీడ గోడ అడ్డమొచ్చింది సారూ. మడైతే ఇంక శానా ఉన్నది."

పాట ఎంతసేపుంటుందంటే మడి ఒడిసేదాకా, నాటు అయిపోయేదాకా అని చెప్పింది. ఆయన తన వాచీ వైపు చూసుకుని, రికార్డుకు మూడు నిమిషాలేనమ్మా అన్నారు, బాధగానే అన్నారు. అమ్మకు ఆ మాట ఎక్కలేదు. టేపు తిప్పి తన గొంతు తనకే వినిపిస్తే చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. ఆ టేపే మద్రాసు పోయి పళ్లెంలా అచ్చయి వస్తుందని ఆవిడ నమ్మింది, ఊళ్లో అందరికీ అదే చెప్పింది. నిజం చెప్పొద్దూ, నేనూ అదే నమ్మాను. టేపు వేరు, రికార్డు వేరు, మధ్యలో బోలెడు పని ఉంటుందని మా ఇంటా వంటా ఎవరికి తెలుసు కనక?

చలికాలంలో రికార్డు వచ్చింది. ఆయనే స్వయంగా తెచ్చారు, గుడ్డలో చుట్టి. తార్నాక ఇంట్లో మళ్లీ అందరం చేరాం. ఈసారి హాస్టల్ పిల్లలు ఇంకా ఎక్కువమంది, నేను పిలిచినవాళ్లే. అమ్మ పెళ్లికి పోయే చీర కట్టుకొచ్చింది, చిన్నమ్మ తలకు నూనె రాసుకొచ్చింది. రికార్డు ప్లేయర్ మీద ముల్లు పెట్టారు. ముందు క్లారినెట్, తర్వాత తబలా, తర్వాత ఏదో గలగల, ఆ మీదట ఒక సన్నని తీయని గొంతు, మద్రాసులో పేరున్న గాయనిదట, "మడి నిండ నీరాయె మరదలా, మన వెనుక మేఘమాయె మరదలా" అని అందుకుంది. మొగులు లేదు. దొర లేడు, గొడుగు లేదు, నడుము పట్టేసిన కోడలు లేదు. మరదలా అన్న తర్వాత ఆగవలసిన చోటంతా క్లారినెట్ నిండిపోయింది. నా పక్కనున్న పిల్లలు నా వైపు చూడటం, వాళ్లలో వాళ్లు చూసుకోవడం నాకు తెలుస్తూనే ఉంది. నేను మాత్రం తిరుగుతున్న ఆ నల్లటి పళ్లెం మీంచి చూపు తిప్పలేదు.

ముల్లు ఎత్తేదాకా అమ్మ తల పక్కకు వంచి శ్రద్ధగా విన్నది. సంతోషంగా నా వైపు తిరిగింది.

"మంచిగున్నది బిడ్డా. ఎవల పాట ఇది? మన పాట ఎప్పుడేస్తరు?"

ఎవరో పిల్ల కిసుక్కున నవ్వింది. నేను మనదే అమ్మా అన్నాను. నేను హాస్యమాడుతున్నానేమో అనుకుని అమ్మ కూడా నవ్వింది. అప్పుడాయన కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఎంతో మర్యాదగా చెప్పారు.

"మీదేనమ్మా. కాస్త సాపు చేశాం, అంతే."

అమ్మ మొహంలో నవ్వు మెల్లిగా పోయింది. కోపం వచ్చి ఉంటే నేను బతికిపోయేదాన్ని. కోపం రాలేదు. కొంగు భుజం చుట్టూ లాక్కుని, లేచి నిలబడి ఆయనకు రెండు చేతులూ జోడించింది.

"అట్లనా సారూ. మేం మోటోళ్లం, నోటికేదొస్తే గది పాడుతం. మీరు దిద్దిన్రు, మంచిగైంది."

ఆ దండం ఇవాళ్టికీ నా కళ్ల ముందు నుంచి పోదు. అంతకుముందు గచ్చు మీద వెనక్కి నడిచినప్పుడు ఆవిణ్ణి చూసి నేను సిగ్గుపడ్డాను. ఇప్పుడు ఆవిడే తనను చూసి తాను సిగ్గుపడుతోంది. బస్సు దాకా నడిచినంతసేపూ చిన్నమ్మే ఏదో వంకాయల ధర గురించి చెబుతూ నడిచింది.

ఆ మేనమామను తిట్టి చేతులు దులుపుకోవడం సులువే. తర్వాత ప్రత్యేక తెలంగాణ గొడవల రోజుల్లో, ఆయన ఆంధ్ర వైపు మనిషి కాబట్టే మన మాట తీసేశాడని హాస్టల్లో కొందరు ఆవేశంగా అన్నారు కూడా. నాకు అది పూర్తిగా నిజమనిపించదు. తన ఊరి పడవ పాటలనూ ఆయన అలాగే కోసేవారని నా స్నేహితురాలు చెప్పింది. ఇరానీ హోటల్లో కూర్చున్నవాడు రెండో గుక్క టీ తాగేలోపు పాట వాణ్ణి పట్టుకోవాలి, లేకపోతే ఆ పాట ఉండీ లేనట్టే అనేవారాయన. లెక్క తప్పలేదు. పాట హోటళ్లకెక్కింది, పెళ్లిళ్లకెక్కింది, అంబర్‌పేట్‌లో అడుగుపెడితే ఏదో ఒక మైకులో వినబడేది. మా అమ్మ పాడినట్టే వేసి ఉంటే నలుగురు కూడా వినేవారు కాదేమో. రికార్డు మీద గాయని పేరు ఉంది, వాయించినవాళ్ల పేర్లు ఉన్నాయి, పాట పక్కన మాత్రం జానపదం అని ఉంది. ఆయన పేరు కూడా ఎక్కడా లేదు, తాను చేసిన పని ఎవరికీ కనబడకపోవడమే ఆయన పనితనం అనుకుంటాను. ఇదంతా తెలిసినా మనసు ఒప్పుకోదు, అదేం చేస్తాం.

ఆ తర్వాతి ఏడాది గొడవలతో యూనివర్సిటీ మూతపడి, నాట్ల వేళకు నేను ఊళ్లోనే ఉన్నాను. ఒక పొద్దున అమ్మకు సద్ది తీసుకుని మడి దగ్గరికి పోయాను. ఆడవాళ్లంతా వరసగా వంగి ఉన్నారు, పాట లేదు. నన్ను చూడగానే చిన్నమ్మ ఏదో చెప్పింది, అందరూ నడుములు నిలబెట్టి, చేతుల బురద దులుపుకుని, నిటారుగా నిలుచున్నారు. నిలుచుని పాడారు. మడి నిండ నీరాయె. మన వెనుక మేఘమాయె. క్లారినెట్ వచ్చే చోట ఒకామె నోటితోనే ఆ రాగం తీసింది, మిగతావాళ్లు కదలకుండా ఆగారు. చరణాలు సరిగ్గా రికార్డులో ఉన్నన్నే. అడుగు వెనక్కి వేసే చోటు అందులో లేదు కనక, పని చేస్తూ దాన్ని పాడలేరు. పాట అయిపోయాక మళ్లీ వంగి, మాటా పలుకూ లేకుండా నాటు వేయడం మొదలుపెట్టారు.

అమ్మ గట్టు మీదికి వచ్చి నా పక్కన కూర్చుంది. సద్ది మూత తీయకుండా నన్నే చూస్తూ, రహస్యంగా అడిగింది.

"రికార్డుల ఉన్నట్టే పాడినమా బిడ్డా? తప్పులేమన్న వచ్చినయా?"

చదువుకున్న కూతుర్ని కనక నన్నడిగింది. లేదమ్మా, మంచిగ పాడిన్రు అన్నాను. ఆవిడ తృప్తిగా తల ఊపి అన్నంలోకి చెయ్యి పెట్టింది. అవతల మొగులు కమ్ముకొస్తోంది, దాన్ని ఎవరూ పాటలోకి పిలవలేదు.

ఇప్పుడు మా ఊళ్లో నాటు మిషన్లు వచ్చాయి, లేదంటే ఎక్కడెక్కడి నుంచో కూలీలు వస్తారు, వాళ్ల ఫోన్లలో వాళ్ల పాటలు మోగుతుంటాయి. రోజంతా పాడినా పట్టుకునే యంత్రం ప్రతివాళ్ల జేబులోనూ ఉంది, వాచీ చూసుకుని ఇంక చాలనేవాళ్లు లేరు. ఆ వరసలో నిలుచున్న ఆడవాళ్లూ లేరు. నా మనవరాలు, దానికి పాటలంటే పిచ్చి, మా అమ్మను జేజి అంటుంది, జేజి అసలు ఎట్లా పాడేదో పాడు అమ్మమ్మా అని ఒకసారి ఫోను నా ముందు పెట్టింది. గొంతు సవరించుకున్నాను. దొర గొడుగు ఉందని తెలుసు, కోడలి నడుము ఉందని తెలుసు, కానీ వాటిని ఏ మాటలతో పాడేదో ఎంత తడుముకున్నా దొరకలేదు. నోట్లోంచి వచ్చింది మేఘమే. మూడు నిమిషాలు పాడి ఆపేశాను, పిల్ల, పాట ఇంకా ఉందేమోనని ఫోను పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది.