ఓటీపీని లక్షల్లో చదివే ఫోన్

నాకు చూపు లేదు. తెర మీది అక్షరాలను నా ఫోన్ పైకి చదివి వినిపిస్తుంది. ఓటీపీని మాత్రం విడి అంకెలుగా కాకుండా లక్షలు, వేలు కట్టి చదువుతుంది. పింఛను దరఖాస్తు కోసం అరకులో జిరాక్స్ షాపుకు వెళ్లినప్పుడు అది నాలుగు లక్షల చిల్లర పలికింది. షాపంతా నవ్వింది.

"లచ్చాధికారివే గుంటా," అన్నాడు షాపాయన.

చెవిలో ఇయర్‌ఫోన్ ఉంటే పెద్దల మాట లెక్కలేదంటారని ముందే తీసేశాను. మొదటి నంబరు పని చెయ్యలేదన్నాడు. రెండోది వచ్చింది. అది దేనికో చెప్పే ఇంగ్లీషు మాటలను ఫోన్‌లోని తెలుగు గొంతు నమిలి మింగేసింది. అంకె మాత్రం రోడ్డు దాకా వినిపించింది.

ఆ నంబరుతో ఎవరో నా పేరున యాప్‌లో అప్పు తీసుకున్నారు. షాపాయనో, పక్కన నిలబడ్డవాళ్లో, ఇప్పటికీ తెలియదు. బీఈడీ సీటొచ్చి ఫీజుకు లోను అడిగితే, పాత అప్పు ఎగ్గొట్టారంటూ బ్యాంకు కాదంది.

ఇకపై నా పేరున ఇంకెవరూ అప్పు తీయకుండా నా అప్పుల రికార్డుకు తాళం వేసుకోవచ్చని చదివాను. ఆ వెబ్‌సైటు, మీరు మనిషేనా, బొమ్మలోని అక్షరాలు కొట్టండి అంది. నా ఫోన్ "బటన్, బటన్, పేరులేని బటన్" అంటూ పోయింది. ఒళ్లు మండిపోయింది. నా పేరు దొంగిలించినవాణ్ని ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

షాపాయనకే ఫోనిచ్చి చేయించుకోమంది మా పిన్ని. "సదువుకున్నోడు, బేగి సేసేత్తాడు." మూడేళ్లు డిగ్రీ చదివింది నేను.

చివరికి బ్యాంకుకే వెళ్లాం. ఆఫీసరు నా చదువు, నా ఊరు, అన్నీ పిన్నినే అడిగాడు. నేను ఆమె పక్కన పెట్టిన సంచీనైపోయాను. తాళం వేయడానికి సాయం చేస్తానని, ముందు ఆ అప్పు నాది కాదని ఫిర్యాదు రాసివ్వాలని అన్నాడు. తనే రాసి, కాగితం పిన్ని వైపు జరిపాడు.

"ఆమె తరఫున సంతకం మీరు పెట్టండమ్మా."

పిన్ని పెన్ను తీసుకుంది. నేను చెయ్యి చాచాను.

"పేరు పోయింది నాది సార్. సంతకం నేనే పెడతాను."

"ఏటే ఆ మాట, సారుతోన," అని పిన్ని నా మోచెయ్యి గిల్లింది.

సీటు గడువులోగా ఇది తేలుతుందా అని నేనడిగితే, తెలియదన్నాడు ఆఫీసరు, అదీ పిన్నితోనే. నేను చెయ్యి చాచే ఉంచాను. కాసేపటికి పెన్ను నా వేళ్ల మధ్యకు వచ్చింది. కాగితం చిరుగుతుందేమో అన్నంత గట్టిగా నా పేరు రాశాను.