బరువాయన ఉద్యోగం

కిత్తనార తాళ్ల ఫ్యాక్టరీలో బరువాయన చేసిన పని ఊగడం. కొనేవాళ్లు రాగానే మేనేజరు కబురుపెట్టేవాడు. దూలానికి బిగించిన కొక్కేనికి కొత్త తాడు కట్టి ఉండేది. ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకుని, కాళ్లు ముడుచుకుని, నూట పది కిలోల ఒంటితో ఇటూ అటూ ఊగేవాడు. తాడు తెగేది కాదు. వచ్చినవాళ్లు తలాడించి ఆర్డరు రాసేవారు.

"నా అంతవాడు లేడనుకునేవాణ్ణి. ఆ పని ఇసుక బస్తా కూడా చేస్తుంది, పైగా దానికి టిఫిన్ అక్కర్లేదు," అని ఇప్పుడు తనే నవ్వుతాడు.

అప్పట్లో ఎటు చూసినా కత్తుల్లాంటి ఆకుల కిత్తనార తోటలే. తీగల మీద నార తెల్లగా ఆరేది. ఎంత తాడు పంపినా ఓడలవాళ్లు ఇంకా కావాలనేవారు. మూడు షెడ్లు ఆరయ్యాయి. ఆయన భార్య ఆకు గీకి నార తీసే షెడ్డులో పనిచేసేది. ఆయన మాత్రం ఆ గుమ్మం తొక్కలేదు, చొక్కా మాస్తుందని.

ఒకరోజు మేనేజరు చిటికెన వేలంత లావున్న నీలం తాడు తెచ్చాడు. "నైలానట. ఓడలవాళ్లు ఇదే అడుగుతున్నారు."

"జడ కట్టుకోవడానికి బాగుంటుంది సార్. నేను ఊగితే రెండు ముక్కలే!"

అందర్నీ పిలిపించి మరీ ఊగాడు. తెగలేదు. పౌరుషమొచ్చి, బల్లెక్కి, తాడు పట్టుకుని దూకాడు. ఫెళ్లుమంది. ఊడింది కొక్కెం. ఆయన నేల మీద వెల్లకిలా, ఆయన చేతిలో తాడు నిక్షేపంగా.

"చూశారా, కొక్కేన్నే పీకేసింది. ఇదేం తాడు!" అన్నాడు పడుకునే. కింద పడ్డా పైచేయి తనదే కావాలిగా. ఎవరూ నవ్వలేదు. మేనేజరు తాడు చుట్టుకుని వెళ్లిపోయాడు.

తర్వాత ఆరు షెడ్లు మూడయ్యాయి, మూడు ఒకటైంది, ఏడేళ్లు తిరక్కుండా దానికీ తాళం పడింది. కోసేవాళ్లు లేని తోటలు పూలకాడలు వేసి ఎండిపోయాయి. బరువాయన పని కోసం తిరిగాడు. ఏం వచ్చని అడిగితే "నాణ్యత పరీక్ష" అనేవాడు. ఎలా చేస్తావంటే చొక్కా సర్దుకుని లేచొచ్చేసేవాడు.

ఈలోగా భార్య మరో ముగ్గురిని కూడగట్టి, గట్ల మీద మిగిలిన ఆకు కోసుకొచ్చి, వరండాలో గుమ్మాల ముందు వేసే కాలిపట్టాలు అల్లడం మొదలుపెట్టింది.

"ఏవండీ, ఊరికే కూర్చోకపోతే ఆ కట్ట గీకకూడదూ?"

అరగంటకి ఆయన చేతులు ఎర్రగా పొంగాయి. "ఏమే, ఇది దురద పెడుతోందే! ఇరవై రెండేళ్లు ఈ నార మీద బతికాను, నాకొక్కరూ చెప్పలేదే?"

"అన్నేళ్లూ ఆ దురద చేతులతోనే మీకు వండిపెట్టాను. మీరడిగితే కదా!"

అందరికంటే ముందు ఆయనే నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. ఆమె అరచెయ్యి పట్టుకుని చూడబోయాడు.

"ముందు కట్ట కానివ్వండి," అని ఆమె చెయ్యి లాక్కుంది.

ఇది జరిగి మూడేళ్లు. ఆ ఆడవాళ్లు రోజుకి మూడేసి కట్టలు గీకుతారు, ఆయన కట్టన్నర. ఎవరైనా దెప్పితే, "నేనింకా ట్రైనింగులో ఉన్నానమ్మా," అంటాడు.