రంగూనులో పెనుకొండామె మెస్సు

మొన్న మా ఎదురింటి టీచరమ్మ సింగపూరు చూసి వచ్చింది. వచ్చిన రోజే మా వంటింట్లోకి దూరి, నేను పెట్టిన చారన్నం ముందు కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకున్నంత పని చేసింది. "ఉన్నన్ని దినాలూ రొట్టెముక్కలూ అరటిపండ్లే అవ్వా. ఏది నోట్లో పెట్టుకోబోయినా చేప వాసనే. నేను మాంసం తినను అని చెప్తే, సరేనని కోడిని తీసేసి గుడ్డు పెట్టిస్తారు," అని మొత్తుకుంది. నాకు నవ్వొచ్చింది. నవ్వితే పాపం చిన్నబుచ్చుకుంటుందేమోనని ఇంకో గరిటె చారు వేశాను. పరదేశంలో కూడు దొరకక పస్తులుంటే ఒక కష్టమే. మంచి కూడు దొరికితే ఇంట్లో ఉన్న ఆడదానికి ఎంత కష్టమో ఆ పిల్లకు ఇంకా తెలియదు.

నా పుట్టిల్లు హిందూపురం. పెళ్లై ధర్మవరంలో మగ్గాల ఇంటికి వచ్చాను. యుద్ధానికి ముందు మాట. మా ఇంటాయన ఏడాదికోసారి పట్టుచీరల మూటలు కట్టుకుని, మద్రాసు దాకా రైల్లో పోయి, అక్కణ్ణుంచి ఓడెక్కి బర్మాలో ఉన్న రంగూను పోయేవాడు. అక్కడ మనవాళ్లు బోలెడుమంది ఉండేవాళ్లు, మన చీరంటే కళ్లకద్దుకునేవాళ్లు. చీరలకు కరువు లేదుగానీ కూటికే కరువు. మా ఇంట్లో గుడ్డు పేరు కూడా ఎత్తరు. ఆ ఊళ్లోనేమో వంకాయ కూరలో కూడా కుళ్లబెట్టిన చేపల ముద్ద వేస్తారట. మొదటిసారి పోయి వచ్చినప్పుడు ఆయన చొక్కా చిలక్కొయ్యకు తగిలించినట్టు వేలాడుతోంది. బొరుగులూ అరటిపండ్లూ తిని బతికాడట. మా అత్త కొడుకును చూసి ఏడ్చింది. నేనూ కొంగు అడ్డం పెట్టుకున్నానుగానీ, నిజం చెప్పొద్దూ, లోపల కాస్త సంతోషమే. నా చేతి కూడు లేకపోతే మనిషి ఇట్లా అయిపోతాడన్నమాట అనుకున్నాను.

ఆ సంతోషం మరుసటేటికే ఆవిరైపోయింది. రెండోసారి వచ్చినప్పుడు ఆయన బుగ్గలు నిండుగా ఉన్నాయి. కాళ్లు కడుక్కుంటూనే, "అమ్మా, ఈసారి కూటికి కరువులేదు. ఆడ పెనుకొండామెది ఒక మెస్సు ఉండాది. సంగటి, పప్పు, నంజుకునేకి ఊరిబిండి, అంతా మన పక్క వంటే. ఆడ తింటే ఇంట్లో తిన్నట్లే ఉండాది," అన్నాడు. మా అత్త ఆ మహాతల్లి చల్లగుండాలని దండం పెట్టుకుంది. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఇంట్లో తిన్నట్టే ఉంటే ఇంక ఇల్లెందుకు, నేనెందుకు?

ఎందుకంత మంటో తెలియాలంటే మా అత్తగారింటి ఆచారం ఒకటి చెప్పాలి. ఆ ఇంట్లో కంచం ముందు ఎవరూ నోరు విప్పరు. కావాలంటే వేలు చూపాలి, చాలంటే చెయ్యి అడ్డం పెట్టాలి. అన్నాన్ని బాగుందంటే దిష్టి, బాగలేదంటే పాపం. మా హిందూపురంలో మా నాయన ముద్ద ముద్దకూ అమ్మను పొగుడుతూ, మధ్యమధ్యలో తిడుతూ తినేవాడు. అట్లాంటి ఇంట్లోంచి వచ్చిన నాకు ఈ మూగభోజనం ఎట్లా ఉంటుంది? వంట కుదిరిందో లేదో ఆయన చెయ్యి ఎంతసేపటికి అడ్డం వస్తుందో చూసి కనిపెట్టుకోవాల్సిందే. చెయ్యి కడుక్కున్నాక కూడా కూటి ఊసెత్తడు. అట్లాంటి మనిషి నోటివెంట, సముద్రం అవతల ఉన్న ఆడదాని ఊరిబిండి గురించి మాట వచ్చింది. నాకు రాని మాట దానికెట్లా వచ్చింది?

ఆమె వయసెంత అని అడిగాను. "వయసుతో మనకేం పని?" అన్నాడు. మొగుడున్నాడా అంటే, బియ్యం మిల్లులో పనిచేస్తూ చచ్చిపోయాడన్నాడు. అడక్కుండా ఉన్నా బాగుండేది. పప్పు రుబ్బుతుంటే ఆమె కనబడేది, పొయ్యి ఊదుతుంటే ఆమె కనబడేది. జడ, జడలో పూలు, చేతుల్లో గాజులు, అన్నీ నేనే పెట్టి, నేనే కుళ్లుకునేదాన్ని. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు, ఇది పొరుగూరిది కూడా కాదు, ఓడ ప్రయాణమంత దూరానిది. మూడోసారి ఆయన పోయేటప్పుడు వేరుశెనక్కాయలూ ఎండుమిరపకాయలూ వేయించి, పెద్ద జాడీ నిండా ఊరిబిండి నూరి, పైన నూనె పోసి, మూతికి గుడ్డ కట్టి ఇచ్చాను. ఇది ఉండగా మెస్సు గడప తొక్కడని నా ఎత్తు. జాడీ ఖాళీగానే తిరిగొచ్చింది. అంతా తిన్నావా అని ఆశగా అడిగితే, "యాడిదీ, ఆడ దిగిన దినమే పెనుకొండామెకు ఇచ్చేస్తి," అన్నాడు. ఆ రాత్రి ఆయనకు సంగటి మాడింది. ఎప్పటిలాగే తిని, ఎప్పటిలాగే చెయ్యి అడ్డం పెట్టాడు.

తర్వాత యుద్ధం వచ్చింది. జరీ దొరకక, చీరలు ఆలస్యమై, ఆ ఏడు ఆయన బయల్దేరలేదు. రంగూను మీద జపానువాళ్ల బాంబులు పడ్డాయని తెలిసి ఊరంతా అయ్యో అంది. నేనూ అన్నాను. ఆ అయ్యోలో ఎంత నిజముందో దేవుడికే తెలియాలి. కొన్ని నెలలకు, కొండలూ అడవులూ నడిచి పడి లేచి, పెనుకొండామె పుట్టింటికి చేరిందని కబురొచ్చింది. చూసి రావాలన్నాడు ఆయన. నేనూ వస్తానన్నాను. పరామర్శకు ఎవరూ కట్టనంత మంచి చీర కట్టుకుని రైలెక్కాను.

అందగత్తే. అబద్ధమెందుకు? అంత దూరం నడిచి, చిక్కి, నల్లబడి కూడా అందగత్తే. కోట గోడ దగ్గర చిన్న ఇల్లు. మమ్మల్ని చూసి పెద్దగా నవ్వి, ఉన్నదాంట్లోనే సంగటి కెలికి పెట్టింది. ఆయన బయట అరుగు మీద, నేను లోపల. ఊరిబిండి నంజుకుని నోట్లో పెట్టుకున్నాను. పెట్టుకుని ఆగిపోయాను. ధర్మవరంలో గానీ పెనుకొండలో గానీ ఊరిబిండిలో బెల్లం వెయ్యరు. మా హిందూపురం పక్క కన్నడం గాలి సోకినవాళ్లం కాబట్టి మా అమ్మ చిన్న ముక్క వేసేది, కాస్త ఎండుకొబ్బరి కూడా. నా చేతి ఊరిబిండి నా నాలుక్కు తెలియదా?

"బాగ కుదిరిందా పాపా?" అంది ఆమె. "నువ్వు చెప్తేనే నిజం. మీ ఇంటాయన మొదటి దినం నా ఊరిబిండి ఇట్ల నాలిక్కి తగిలించి పక్కన పెట్టేసినాడు. ఇంగ ఆ పొద్దు నుంచి నా పొయ్యి దగ్గరే కూచునేవాడు. బెల్లం అంత కాదు, మా ఇంటిది ఇంతే వేస్తాది. మిరపకాయ అంత మాడ్చద్దు, మా ఇంటిది మాడ్చదు అనేవాడు. ఎంత చేసినా కుదరలేదని మరుసటేడు జాడీ తెచ్చి, ఇదో, దీని రుచి చూసి చెయ్యి అన్నాడు. మెస్సులో అందరికీ తలా ఇంత పెట్టి, మా ఇంటిది నూరిందని చెప్పుకోని చెప్పుకోని తిన్యాడు. నిన్ను చూడకముందే నీ మీద నాకు కుళ్లు పుట్టిండె పాపా. నా మొగుడు బతికినన్నాళ్లూ నా కూడు గురించి ఒక్క మాట అని ఎరగడు."

ఇంకాస్త ఊరిబిండి వెయ్యమని వేలు చూపాను. బయట అరుగు మీద ఆయన కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

తిరుగు రైల్లో ఆయన పక్కనే కూర్చుని కాచుకున్నాను. ఇప్పుడన్నా అంటాడేమో, ఒక్క మాట. ఆమె అంతా చెప్పిందని ఆయనకు తెలుసు, చెవులు ఎర్రబడి ఉన్నాయి. కిటికీలోంచి చేలవైపు చూసి చూసి, "ఈసారి చెనక్కాయ బాగ పండినట్లుండాదే," అన్నాడు. అవునన్నాను.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. చివరిదాకా ఆ మాట అనలేదు, నేను అడగలేదు. ఆ పెనుకొండామె మీద నాకు కుళ్లు పోయిందని అనుకునేరు, ఎక్కడ పోయింది? అంతకు ముందు ఆమె చేతివంట మీద ఉండేది, ఆ రోజు నుంచి ఆమె చెవుల మీదికి పోయింది. రంగూనులో బల్లల మీద కూర్చుని నా ఊరిబిండి గొప్ప ఆయన నోట విన్న ముక్కూ మొహం తెలియని వాళ్లందరి మీదా నాకు కుళ్లే. వాళ్లలో ఒక్కరైనా మిగిలి ఉండరు, నాకూ పళ్లన్నీ ఊడాయి, ఆ కుళ్లు మాత్రం ఇంకా కొత్తకోడలిలాగే ఉంది.