కాటా మీద ఇద్దరు

గోదాముల వీధి చివర లారీలను తూచే కాటా ఉంది. నేలకు సమానంగా పరిచిన పొడవాటి ఇనుప పలక, పక్కన అద్దాల గది, గది నెత్తిన ఎర్రటి అంకెలు వెలిగే బోర్డు. సరుకుతో వచ్చిన లారీని ఒకసారి, దించేశాక ఖాళీ లారీని మరోసారి తూస్తారు. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలేదే సరుకు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ తీసివేతే కాటా బాబాయి ఉద్యోగం. డ్రైవర్లందరికీ ఆయన కాటా బాబాయి, ఆయన భార్య పిన్ని. అసలు పేర్లు వాళ్లకైనా గుర్తున్నాయో లేదో.

కుర్చీలోంచి లేవనక్కర్లేని ఉద్యోగం కదా, బాబాయి బాగానే ఒళ్లు చేశాడు. ముందు పొట్ట వచ్చేది, ఆ తర్వాత తీరిగ్గా మనిషి వచ్చేవాడు. ప్రతి డ్రైవరూ నూనె మరకల పొట్లం ఒకటి తెచ్చేవాడు. కాదనడం బాబాయికి చేతకాదు. "ఒక్కటేగా" అనేవాడు. ఆ ఒక్కటి రోజుకు ఇరవైసార్లు జరిగేది. చివరికి గుండె మొరాయించింది. రొమ్ము ఎముక కోసి, కాల్లోంచి తీసిన నరాన్ని గుండెకు అతికించి, కుట్లు వేసి ఇంటికి పంపారు.

పంపే ముందు డాక్టరమ్మ మొహమాటపడకుండా చెప్పింది. "నూట అయిదు కిలోలున్నారు. ఆరు నెలల్లో పదిహేను తగ్గాలి. తగ్గకపోతే ఈ అతుకు నిలవదు. మళ్లీ కోస్తే మీ గుండె తట్టుకోదు."

పిన్ని ఆ మాటను రెండు చెవులా విని కొంగున ముడేసుకుంది. ముందు ఇంట్లోంచి ఉప్పు పోయింది, వెనకే చక్కెర పోయింది, మూకుడు అటకెక్కింది. ఉడకబెట్టిన కూరముక్కల్ని బాబాయి చెంచాతో అటూ ఇటూ తిప్పి చూసేవాడు.

"దీనికి రుచి అనేది ఎప్పుడైనా పరిచయమైందా?"

"ముందు బతకండి. రుచి సంగతి తర్వాత చూద్దాం."

"మరి నువ్వు కూర్చోవా?"

"నేను తర్వాత తింటాలెండి."

ఆపరేషన్ తర్వాత బాబాయికి లోకం రెండడుగులు వెనక్కి జరిగినట్టుండేది. మాటలు గోడ అవతలి నుంచి వస్తున్నట్టు వినిపించేవి. తెల్లవారుతూనే ఇద్దరూ నడకకు బయల్దేరేవాళ్లు. మంచులో గోదాముల తలుపులు సగమే కనిపించేవి, వీధి ఎక్కడ ఆగుతుందో తెలిసేది కాదు. తన ఊపిరే ఎవరో పక్కన నడుస్తున్న చప్పుడులా ఉండేది. పిన్ని మాత్రం నీళ్ల సీసా పట్టుకుని పదడుగుల వెనక వచ్చేది.

"పక్కన నడవొచ్చుగా?"

"పక్కనుంటే కబుర్లు పెట్టుకుని ఆగిపోతారు. నడవండి."

నడక కాటా దగ్గర ముగిసేది. ఇంట్లోకి చిన్న మిషన్ కొందామని పిన్ని అంటే, కాటా చేతిలో ఉన్నవాడికి వేరే కాటా ఎందుకని బాబాయి పౌరుషం. అయిదు కిలోలకు తక్కువ తేడా ఆ కాటాకు పట్టదు. వారాల తరబడి నూట అయిదు, నూట అయిదు అని మొండికేసేది. బాబాయి బోర్డు వెలిగించి, నలభై టన్నులు మోసే పలక మధ్యకు వెళ్లి ఒక్కడే నిలబడేవాడు. కాళ్ల కింద ఇనుము సన్నగా కదిలేది. చుట్టూ మంచు, పైన ఎర్రటి అంకెలు. తాను నిలబడ్డాడో తేలుతున్నాడో తెలియని ఆ నిమిషం కోసమే బాబాయి రోజంతా నోరు కట్టుకునేవాడు. పిన్ని అంచు దగ్గరే ఆగిపోయేది. రెండో మనిషి ఎక్కితే తూకం చెడుతుందని ఆయనే చెప్పాడు.

రెండో నెలలో బోర్డు మీద వంద వెలిగింది. నాలుగో నెలలో తొంభై అయిదు. "సగమైపోయావు బాబాయ్" అని డ్రైవర్లు పొట్లాలు మానేసి పళ్లు తేవడం మొదలుపెట్టారు. అయిదో నెల చివర ఒక పొద్దున తొంభై వచ్చింది.

బాబాయి కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాడు. తొంభయ్యే. బతికిపోయాను అనుకున్నాడు. పట్టలేని సంతోషంతో పిన్ని చెయ్యి పట్టుకుని పలక మీదికి లాగాడు.

"నన్నెందుకండీ, తూకం చెడుతుంది."

"చెడనీ."

బోర్డు మీద అంకెలు కదిలి ఆగాయి. నూట ముప్పై.

ఇరవై ఎనిమిదేళ్ల అలవాటు. తీసివేత దానంతటదే జరిగిపోయింది. మిగిలింది నలభై. ఆపరేషన్ నాడు ఆయన కోసం రక్తం ఇవ్వబోతే, అక్కడ పిన్నిని తూచి యాభై ఎనిమిదని రాశారు. బాబాయి ఆమె చేతికేసి చూశాడు. గాజు మోచేతి దాకా జారిపోయింది. అయిదు నెలలూ తనని తానే తూచుకుంటూ, వెనక నడిచే మనిషిని ఒక్కసారైనా తిరిగి చూడనందుకు ఆయనకు సిగ్గేసింది. కొత్తగా అతికించిన గుండె కలుక్కుమంది.

ఆ పూట కాటా తెరవలేదు. ఇంటికొచ్చి, జీవితంలో మొదటిసారి తానే అన్నం వండి, కొంచెం మాడ్చి, పిన్ని ముందు పెట్టాడు. ఎదురుగా కూర్చున్నాడు. ఆమె ముద్ద కలిపింది గానీ నోటిదాకా తేలేదు.

"ఏమైందో చెప్పు."

పిన్ని ముద్దను కంచంలోనే వదిలేసింది. "నొప్పి వచ్చిన రోజు మీరు పిలిచారు. నేను వంటింట్లో అన్నం తింటున్నాను. వినిపించింది. రెండు ముద్దలే ఉన్నాయి, తినేసి వెళ్దాంలే అనుకున్నాను. వచ్చేసరికి మీరు నేల మీద ఉన్నారు. అప్పట్నుంచి ముద్ద దిగడం లేదండీ."

బాబాయి పిలిచిన మాట నిజం. రెండుసార్లు పిలిచాడు. రెండోసారి గొంతు చించుకుని పిలిచాడు. వంటింటి తలుపు వైపు చూస్తూ చూస్తూ పడిపోయాడు. ఆ ఖాళీ తలుపు ఇప్పటికీ ఆయన కలలోకి వస్తుంది.

"నేనెప్పుడు పిలిచానే?" అన్నాడు. "నొప్పి రాగానే నాకు నోరే పెగల్లేదు. వీధిలో ఎవరి అరుపో విని ఉంటావు."

"నిజంగానా?"

"ఇన్నేళ్లలో కాటా దగ్గర ఒక్క తప్పు తూకం చెప్పానా?"

పిన్ని ఆయన ముఖంలోకి చూసింది. నమ్మిందో లేదో తెలియదు. ముద్ద నోట్లో పెట్టుకుని, చాలాసేపు నమిలి, మింగింది. బాబాయి ఇంకాస్త వడ్డించాడు.