దూది మీద ఒక వాక్యం

సూరత్‌లో తెలుగు సైన్స్ రచయితలకు లోటేమీ లేదు. వాళ్లకో సంఘం ఉంది. సంఘానికి ఒక అధ్యక్షుడు, ముగ్గురు ఉపాధ్యక్షులు, వాట్సాప్ గ్రూపులో నూట అరవై మంది సభ్యులు. గుర్తింపు కార్డులు కూడా పంచారు, మెడలో వేసుకునే తాళ్లతో సహా. రాసే మనిషి మాత్రం ఒక్కతే, విజయరాణి.

ఆవిడ భేస్తాన్‌లో రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. సిరిసిల్ల నుంచి వచ్చిన మగ్గాల కుటుంబం. పొద్దంతా సూదులు గుచ్చి, సాయంత్రం చాయ్ ముందు పెట్టుకుని, మగ్గాలవాళ్లకు అర్థమయ్యే తెలుగులో కామెర్ల గురించీ దగ్గుల గురించీ రాస్తుంది. అది అచ్చయ్యే తెలుగు నెలపత్రిక రెండువేల ప్రతులు కడోదరా దాకా కార్ఖానాల్లోకి వెళతాయి. అందులో ఏం రాస్తే జనం అది నమ్ముతారు, చేస్తారు కూడా. విజయరాణి భయమంతా అదే.

ఈసారి రాసింది మగ్గాల మోతకు పోయే చెవుల గురించి. అంతా బాగానే వచ్చింది గానీ చివరి వాక్యం దగ్గర మనసు ఒప్పుకోవడం లేదు: "చెవుల్లో దూది పెట్టుకుంటే చాలు." చిన్నప్పటినుంచి అందరూ అనే మాటే. అందరూ అన్నంత మాత్రాన నిజమైపోతుందా? తెలిసినవాళ్లు ఒక్కరు చూసి చెబితే చాలు. శుక్రవారం పత్రిక అచ్చుకు పోతుంది.

అధ్యక్షుడు నరహరి గారికి ఫోన్ చేసింది. ఆయన హజీరాలో ఇంజనీరు. పాతికేళ్ల కిందట తోకచుక్క మీద ఒక వ్యాసం రాశారు. చుక్క ఎప్పుడో వెళ్లిపోయింది గానీ, ఆయన మాత్రం ఇంకా దాని తోక వదల్లేదు.

"ఒక్క వాక్యం సరిచూడాలి సార్" అంది.

"అయ్యో, మరి సంఘం ఉన్నది ఎందుకమ్మా! మన వనరుల కేంద్రం వాడుకోండి."

వనరుల కేంద్రమంటే సమాజ మందిరంలో ఉన్న ఒక ఇనుప బీరువా. తాళంచెవి కోశాధికారి దగ్గరుంది. కోశాధికారి వడోదరాకు బదిలీ అయి ఏడాదిన్నర.

"అయితే గ్రూపులో పెట్టండి. మహామహులున్నారు, ఒక్క తప్పు వదలరు" అన్నారు నరహరి గారు.

పెట్టింది. పది నిమిషాల్లో ఎనభై దండాలొచ్చాయి. "సరళమైన భాష, లోతైన పరిశీలన" అన్నాడు ఒక ఉపాధ్యక్షుడు. "కళ్లు చెమర్చాయి" అన్నాడు ఇంకొకాయన. చెవుల వ్యాసానికి కళ్లెందుకు చెమర్చాయో ఆయనకే తెలియాలి. "ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు. ఆదివారం రచయిత్రికి సన్మానం" అని నరహరి గారు ముగించారు.

విజయరాణి పొంగిపోయింది. ఇంతమంది చదివి బాగుందన్నారంటే దూది మాట నిజమే కాబోలు! మురిపెంగా మరోసారి చూసుకుందామని ఫైలు తెరిచింది. పంపింది వ్యాసం కాదు, కొత్త మిక్సీ వారంటీ కాగితం. అదీ గుజరాతీలో.

"సార్, అది మిక్సీ కాగితం!" అని మళ్లీ ఫోన్ చేసింది.

"ఏదైతేనేమమ్మా, ప్రోత్సాహం ముఖ్యం. శాలువా కూడా కొనేశాం" అన్నారాయన తొణక్కుండా.

విజయరాణికి ఒళ్లు మండిపోయింది. చదివే దిక్కు లేనప్పుడు, ఎవరికోసం రాసిందో వాళ్లకే చూపిస్తే పోలా? గురువారం మధ్యాహ్నం కాగితాలు పట్టుకుని కార్ఖానా బయటి చాయ్ బండి దగ్గరికి వెళ్లింది. అక్కడ ఆగయ్య ఉన్నాడు. విజయరాణి నాన్నతో కలిసి మగ్గం నడిపిన మనిషి.

ఆగయ్య కాగితాలు తీసుకుని, ప్రతి వరుస కిందా వేలు పెట్టి నిదానంగా చదివాడు. నూట అరవై మందిలో ఒక్కరూ చేయని పని అది. చివరి వరుస దగ్గర వేలు ఆగింది.

"మంచిగ రాసినవ్ బిడ్డా. గని గిది ఎవలు జెప్పిన్రు నీకు?"

ఆవిడ నోరు తెరిచేలోపే ఆయన తన చెవిలోంచి నల్లబడ్డ దూది ఉండ తీసి అరచేతిలో పెట్టి చూపించాడు.

"ముప్పై ఏండ్ల సంది పెట్టుకుంటున్న. ఒక్క దినం తప్పలే."

"మరి ఇప్పుడు మంచిగ ఇనబడుతదా కాకా?" అని అడిగింది మెల్లగా.

ఆగయ్య ఆవిడ పెదవుల వంక చూశాడు.

"ఏందీ? జర గట్టిగ జెప్పు."

విజయరాణికి ఏడుపొచ్చింది. రెండువేల ప్రతులు! కలం తీసి ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టేసింది. ఆయనకు అర్థమైంది. "నా పేరు బెట్టి రాయ్ బిడ్డా, నేను అందరికి ఎర్కనే" అన్నాడు.

శుక్రవారం అచ్చుకు వెళ్లిన వ్యాసం చివర ఇలా ఉంది: "దూది చాలదు. నమ్మకం కుదరకపోతే మా ఆగయ్య కాకను అడగండి. కాస్త గట్టిగా అడగండి."