మొదటి గంప చీనీకాయలు

మా బోరు ఎండిపోయిన వేసవిలో అమ్మ ఎవరినీ అడక్కుండా దేవునికి మాటిచ్చేసింది. చీనీతోట, అదే మా బత్తాయి తోట, బతికితే మొదటి గంప కాయలు కోత పండుగకు చర్చిలో పెడతానని. మా కడప పక్క పల్లెల్లో కోత పండుగంటే ఎవరి ఇంట్లో ఏది పండితే అది, గుమ్మడికాయో కోడిపుంజో, దేవుని బల్ల ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వేలం పాడతారు. ఆ తోటకు అదే తొలి కాపు. నాయన ఆ చెట్లను చంటిబిడ్డల్లా సాకాడు.

కొత్త బోరు వేయించాం. పాస్టరయ్య వచ్చి బోరుబండి ముందు నిలబడి ప్రార్థన చేశారు. ఇంటిల్లిపాదీ ఉపవాసం. దుమ్ము లేచింది, తర్వాతా దుమ్మే లేచింది, చుక్క నీరు పడలేదు. గట్టుకు అవతల మా పెదనాయన బోరు మాత్రం దబదబా పోస్తూనే ఉంది. ఆ గట్టు ఎవరిదనే తగాదాలోనే ఆయన తన తమ్ముడైన నాయనతో మాటలు తెంచుకున్నాడు. తమ్ముడు కూర్చునే చోట తాను కూర్చోనని చర్చికి రావడం కూడా మానేశాడు. అలాంటాయనకు నీళ్లు, మోకాళ్లు అరిగేలా ప్రార్థించిన మాకు దుమ్ము. నాకు ఒళ్లు మండిపోయింది. అమ్మనడిగితే దేవుని చిత్తం అంది. ఆ మాట వింటేనే నాకు చిరాకు. ఇంట్లో కూర్చోలేక తోటలోకి పోయి, ఆకులు ముడుచుకున్న చెట్ల మధ్య అటూ ఇటూ తిరిగేదాన్ని. కాయలు గోలీలంత ఉండగానే రాలిపోతున్నాయి.

ఒకరోజు పొద్దున లేచేసరికి గట్టు మీదుగా నల్ల పైపు మా తోటలోకి వచ్చి ఉంది. పాదుల్లో నీళ్లు పారుతున్నాయి. పైపు పట్టుకుని పెదనాయన నిలబడి ఉన్నాడు. నాయన పరుగున పోయి, పొర్లుతున్న పాదుకు మట్టి అడ్డం వేయసాగాడు. చివరికి పెదనాయనే, తనకు చెట్లతో తగాదా లేదని గొణిగి వెళ్లిపోయాడు. ఆనాటి నుంచి నీళ్లు వస్తున్నాయి, మాటలు మాత్రం లేవు.

అమ్మ స్తోత్రం స్తోత్రం అంటూ తిరిగింది. నాకేమో నెమ్మది లేదు. సర్వాధికారి అని చర్చిలో గొంతు చించుకుని పాడతాం కదా, అంత అధికారమున్న దేవుడు ఆ నీళ్లేవో మా బోర్లోనే ఇవ్వొచ్చుగా? కనికరించేవాడు మమ్మల్ని పెదనాయన ముందు తలవంచుకునేలా చేసి కనికరించాలా? రేపు ఈయనకు కోపమొచ్చి పైపు లాక్కుంటే తోట గతేంటి? పొద్దున్నే పోయి పైపు ఉందో లేదో చూసుకోనిదే కాఫీ తాగేదాన్ని కాదు.

పైపు ఉంది. కాయలు నిలిచాయి. పండుగ ముందు రోజు నాయన మొదటి గంప కోసి, అమ్మ చూస్తుండగానే గట్టు దాటి, పెదనాయన వాకిట్లో పెట్టి వచ్చాడు. అమ్మ లబోదిబోమంది. దేవునికి మొక్కింది మనిషికెట్లా ఇస్తావని, మాట తప్పినందుకు తోట మళ్లీ ఎండిపోతుందని గట్టిగా ఏడ్చింది. నాయన తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటూ నిదానంగా చెప్పాడు.

“నీళ్లియ్యమని దేవుణ్ణి అడిగితిమి. ఇచ్చినాడు. యాడి నుంచి ఇయ్యల్లనేది మనల్ని అడగలేదు. మొదటి గంప ఆ నీళ్లు వచ్చిన తావుకే పోవల్ల.”

రెండో గంప కోసి చర్చికి ఇద్దామంటే అమ్మ వినలేదు. మొదటిది మొదటిదే అంది. ఆ సాయంత్రం మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఎవరి మాట సరైనదో నాకూ తేలలేదు.

మర్నాడు చర్చిలో బల్ల ముందు కానుకలు నిండిపోయాయి. ఆడవాళ్ల వైపు అమ్మ ఒట్టి చేతులతో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. మగవాళ్ల వైపు నాయన తల వంచుకున్నాడు. కానుకల పాట సగంలో ఉండగా గుమ్మంలో పెదనాయన కనబడ్డాడు. భుజం మీద మా గంప. నేరుగా నడిచి వెళ్లి బల్ల ముందు దించాడు. వెనక్కి తిరిగి మా చాప దగ్గర ఆగి, అమ్మ వైపు వంగాడు.

“మొక్కుబడిదని తెలీదమ్మా. నువ్వు ఏడ్చేది గట్టు అవతలికి ఇనపడినాక తెలిసింది. అప్పటికే మీ అక్క రెండు కాయలు పిండి రసమిచ్చింది, తాగేస్తి. ఇప్పుడేం చేయల్ల?”

అమ్మ గంప వైపు చూసింది. ఆయన వైపు చూసింది.

“తియ్యగా ఉండెనా బావా?” అని అడిగింది.

“శానా తియ్యగుండాయి,” అన్నాడు పెదనాయన. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

అవతల నాయన తలెత్తకుండానే చాప మీద కాస్త పక్కకు జరిగాడు. పెదనాయన ఆ ఖాళీని చూస్తూ కాసేపు నిలబడి, పోయి తమ్ముడి పక్కన కూర్చున్నాడు. పాస్టరయ్య ప్రార్థన మొదలుపెట్టారు, అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మాత్రం మధ్యమధ్యలో కళ్లు తెరిచి, ఆయన ఇంకా అక్కడే కూర్చున్నాడా లేదా అని చూస్తూనే ఉన్నాను.